సిల్వర్‌టోన్ 1484: పేరొకరిది, పనితనమొకరిది

గిటారు వాయించేవాళ్ళ దగ్గర యాంప్లిఫయర్ మాటెత్తితే ముందు మూడు పేర్లు వినిపిస్తాయి: ఫెండర్, మార్షల్, వాక్స్. ఒకప్పుడు మన దగ్గర కారు అంటే అంబాసిడర్, ఫియట్ తప్ప ఇంకేదీ గుర్తుకు రానట్టు. కానీ 1960ల్లో అమెరికాలో ఇంటి గరాజులో బాండు పెట్టుకున్న కుర్రాళ్ళకి ఆ మూడూ అంత తేలిగ్గా అందేవి కావు. వాళ్ళలో చాలామందికి అందింది సియర్స్ కాటలాగులో దొరికే సిల్వర్‌టోన్. అవును, ఆ సియర్సే. అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్ళు బోల్డంతమంది పరుపూ, వాక్యూమ్ క్లీనరూ, క్రాఫ్ట్స్‌మన్ పానాల సెట్టూ కొనుక్కున్న సియర్స్.

ఆ సిల్వర్‌టోన్లలో 1484 అనే మోడల్ గురించి, దాన్ని తయారు చేసి కూడా దాని మీద తన పేరు వేసుకోని ఒక మనిషి గురించి రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎలక్ట్రానిక్సూ, సంగీతమూ ఇష్టమైనవాళ్ళకి ఎలాగూ నచ్చుతుంది. ఆ రెండూ పట్టనివాళ్ళు కూడా కాస్త ఓపిక చేసుకోండి. తిరిగి తిరిగి ఈ కథ మన ఉద్యోగాల దగ్గరికే వస్తుంది.

న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్ళకైతే ఇది పక్కింటి కథ. ఓక్ ట్రీ రోడ్డు మీద దోసె తినడానికి వెళ్ళే ఎడిసన్ ఊరుంది చూశారూ, దానికా పేరు 1954లో వచ్చింది. అంతకు ముందు రారిటన్ టౌన్‌షిప్ అనేవాళ్ళు. అక్కడి మెన్లో పార్కులోనే థామస్ ఎడిసన్ ప్రయోగశాల ఉండేది. బల్బు లోపల గాజు ఎందుకు నల్లబడుతోందా అని 1880లో తల బద్దలు కొట్టుకుంటూ, లోపల ఇంకో లోహపు ముక్క అదనంగా పెట్టి చూశారు. తీగ తగలకుండానే, శూన్యంలోంచి కరెంటు పారింది! వోల్టేజి మార్పుల్ని చూపించే పరికరం అని చెప్పి 1884లో దాని మీద పేటెంటు తీసుకున్నాడు గానీ, అక్కడితో వదిలేశాడు. ఎంత పెద్ద గని మీద కూర్చున్నాడో ఆయనకే అంతుపట్టలేదు. 1904లో లండన్‌లో ఫ్లెమింగ్ అదే సంగతిని పట్టుకుని, కరెంటుని ఒకే వైపు పోనిచ్చే వాల్వు చేశాడు. 1906లో లీ డి ఫారెస్ట్ అందులో మూడో ముక్క ఇరికించాడు. చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటుని ఆడించడం అక్కడి నుంచి సాధ్యమయింది. మన పెద్దవాళ్ళు ‘వాల్వు రేడియో’ అనేవారే, స్విచ్చి వేశాక కాసేపు ఆగితే గానీ వార్తలు వినిపించని రేడియో, అందులో ఉండేవి ఈ ట్యూబులే.

1936లో ఆర్.సి.ఎ. కంపెనీ 6ఎల్6 అనే పవర్ ట్యూబుని తెచ్చింది. వాళ్ళ ట్యూబుల ఫాక్టరీ ఉండేదీ న్యూజెర్సీలోనే, హారిసన్‌లో. ఇక 1947 డిసెంబర్లో, మెన్లో పార్కుకి ఇరవై మైళ్ళ లోపే ఉన్న మరీ హిల్‌లో, బెల్ లాబ్స్ వాళ్ళు ట్రాన్సిస్టర్ కనిపెట్టారు. అంటే ట్యూబుకి బీజం పడిన చోటూ, దాని తలరాత మారిపోయిన చోటూ కూడా మనం శనివారం సాయంత్రం కూరగాయలకి తిరిగే చుట్టుపక్కలే అన్నమాట.

సరిగ్గా ఆ 1947లోనే, అదే రాష్ట్రంలో రెడ్ బ్యాంక్ అనే ఊళ్ళో నేథన్ డేనియల్ అనే ఆయన ట్యూబు యాంప్లిఫయర్లు చేసే చిన్న కంపెనీ పెట్టాడు. దాని పేరు డాన్‌ఎలెక్ట్రో.

డేనియల్ 1912లో న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదులు. న్యూయార్క్ సిటీ కాలేజీలో చేరాడు గానీ చదువు పూర్తి చెయ్యలేదు. గొప్ప మాంద్యం రోజులు. 1930ల్లో సొంతంగా యాంప్లిఫయర్లు కట్టి అమ్మడం మొదలెట్టి, ఎపిఫోన్ అనే గిటార్ల కంపెనీకి సరఫరా చేశాడు. అవి ‘ఎలక్టార్’ అన్న పేరుతో వెళ్ళేవి. యుద్ధ కాలంలో న్యూజెర్సీ ఫోర్ట్ మన్మత్‌లో అమెరికా సైన్యపు సిగ్నల్ కోర్‌కి సివిలియన్ డిజైనర్‌గా పనిచేశాడు. యుద్ధం అయ్యాక సొంత కంపెనీ పెట్టినా మొదటి ఖాతాదారు మాంట్‌గోమరీ వార్డ్ అనే డిపార్ట్‌మెంట్ స్టోరు. మరుసటి ఏడాదే, 1948లో, సియర్స్ వచ్చింది. ఎపిఫోన్, వార్డ్, సియర్స్... గమనించారా? మొదట్నుంచీ మనవాడి సరుకు ఎవరో ఒకరి పేరు మీదే జనంలోకి వెళ్ళింది.

సిల్వర్‌టోన్ అనేది ఒక కంపెనీ కాదు. సియర్స్ వాళ్ళు పెట్టుకున్న పేరు, అంతే. ముందు గ్రామఫోన్లకి పెట్టారు, తర్వాత రేడియోలకి, ఆ తర్వాత గిటార్లకీ, యాంప్లిఫయర్లకీ. లోపలి సరుకు ఒకసారి హార్మొనీ వాళ్ళది, ఒకసారి కే వాళ్ళది, ఇంకోసారి డాన్‌ఎలెక్ట్రోది. సొమ్మొకడిది సోకొకడిది అని మన సామెత. అయితే సియర్స్ వాళ్ళ సరుకు మీద పొడుగాటి మోడల్ నంబరు ఒకటి ఉంటుంది. అందులో చుక్కకి ముందున్న మూడంకెలు ఎవరు తయారు చేశారో చెప్పే కోడు. ఫ్రిజ్ అయినా సరే, రంపమైనా సరే, గిటారు యాంప్లిఫయరైనా సరే, ఇదే పద్ధతి. తయారీదారుకి దక్కే గుర్తింపు ఆ మూడంకెలు. మన కోడ్‌లో ఫైలు పైన కామెంట్లో పేరు రాసుకుంటామే, ఇంచుమించు అలాంటిదన్నమాట. కొనేవాడెవడూ చదవడు.

సియర్స్‌ని తక్కువ చేసి మాట్లాడ్డం మాత్రం నా ఉద్దేశం కాదు. ఆ కాటలాగు చేసిన మేలు చిన్నది కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో జాతి వివక్ష చట్టమై ఉన్న రోజుల్లో నల్లవాళ్ళు ఊళ్ళో కొట్టుకి వెళ్తే, తెల్లవాళ్ళందరికీ ఇచ్చాక గానీ వాళ్ళ వంతు వచ్చేది కాదు. అప్పు పెట్టాలన్నా, మంచి సరుకు చూపించాలన్నా కొట్టువాడి దయ. కాటలాగుకి మనిషి రంగు కనపడదు. కాగితం మీద రాసి పోస్టులో పడేస్తే అందరికీ ఇచ్చిన రేటుకే సామాను ఇంటికొస్తుంది. చరిత్రకారుడు లూయిస్ హైమన్ 2018లో సియర్స్ దివాలా తీసినప్పుడు ఈ సంగతిని మళ్ళీ అందరికీ గుర్తుచేశాడు. చవక గిటార్లు పల్లెటూళ్ళకి చేరింది ఈ దారినే. పేదవాడి చేతికి వాయిద్యం అందితే ఏం జరుగుతుందో తర్వాతి అమెరికన్ సంగీతం మొత్తం సాక్ష్యం చెబుతుంది.

కాబట్టి డేనియల్ ముందున్న సమస్య చాలా స్పష్టం. పదిహేనేళ్ళ కుర్రాడు పేపర్లు వేసి, గడ్డి కోసి కూడబెట్టిన డబ్బుకి సరిపోవాలి. దాన్లో సియర్స్ లాభం ఉండాలి, తన లాభం ఉండాలి. అయినా సరే వాయిస్తే మోగాలి. 1954 నుంచి ఆయన గిటార్లు కూడా చేశాడు. ఖరీదైన చెక్క మానేసి, చట్రానికి పాప్లర్ కర్ర, పైనా కిందా మేసనైట్ అట్ట. తీగల కంపనాన్ని పట్టుకునే పికప్‌లకి లోహపు తొడుగు కావాలంటే, కొత్తగా అచ్చు చేయించకుండా ఆడవాళ్ళ లిప్‌స్టిక్ గొట్టాలు తెచ్చి వాటిలో అమర్చాడు. చదివినప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ ‘లిప్‌స్టిక్ పికప్’ గలగలలాడే గొంతు ఇంకెందులోనూ రాదని ఇప్పుడు జనం వెతికి మరీ కొంటున్నారు. జిమ్మీ పేజ్ లెడ్ జెపెలిన్ కచేరీల్లో వాడిన గిటార్లలో డాన్‌ఎలెక్ట్రో ఒకటి.

1962లో సియర్స్‌కి చేసిచ్చిన 1448 అయితే ఇంకా చిత్రం. గిటారు పెట్టె మూతలోనే యాంప్లిఫయరూ, స్పీకరూ. పెట్టె తెరిచి, నిలబెట్టి, ప్లగ్గు పెడితే కచేరీ మొదలు. మొత్తం కలిపి డెబ్భై డాలర్ల లోపే. క్రిస్మస్‌కి పిల్లలకి కొనిపెట్టడానికి తల్లిదండ్రులు ఎక్కువ ఆలోచించక్కర్లేని ధర. లక్షల లైన్ల కోడ్ రాసినవాళ్ళం మనం. ‘వినియోగదారుడికి ఏం కావాలి’ అన్న ప్రశ్నకి ఇంత సూటి జవాబు మనలో ఎంతమంది రాశాం చెప్పండి?

ఇక మన 1484. 1963 ప్రాంతంలో కాటలాగులోకి వచ్చింది. ‘ట్విన్ ట్వెల్వ్’ అని ముద్దుపేరు, ఎందుకంటే రెండు పన్నెండంగుళాల జెన్సెన్ స్పీకర్లు. పవర్ ట్యూబులు రెండు 6ఎల్6లు. రెండు ఛానళ్ళు, రెవర్బ్, ట్రెమొలో. దీనికి తమ్ముడు 1482, రెండు చిన్న 6వి6 ట్యూబులతో ఒకే స్పీకరుది. అన్న 1485, నాలుగు 6ఎల్6లతో ఆరు పదంగుళాల స్పీకర్లున్న బీరువా. 1484లో యాంప్లిఫయర్ విడిగా చిన్న పెట్టె, స్పీకర్లు విడిగా పెద్ద పెట్టె. బయటికి తీసుకెళ్ళేటప్పుడు చిన్న పెట్టెని పెద్ద పెట్టె వెనకున్న అరలోకి తోసేస్తే రెండు సామాన్లు ఒకటవుతాయి. వెనక సీట్లో పడేసుకుని కచేరీకి వెళ్ళే కుర్రాణ్ణి కళ్ళ ముందు పెట్టుకుని గీసిన డిజైన్ అది.

మరి ఖర్చు ఎక్కడ తగ్గించాడు? పెట్టె ప్లైవుడ్ కాదు, రంపపు పొట్టుని జిగురుతో నొక్కి చేసిన పార్టికల్ బోర్డు. రెక్టిఫయర్‌కి ట్యూబు బదులు సిలికాన్ డయోడ్లు. ఎక్కువ చుట్లున్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొనకుండా, కెపాసిటర్లతో వోల్టేజిని రెట్టింపు చేసే సర్క్యూటు. అన్నిటికన్నా ముఖ్యం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. రెండు 6ఎల్6లు ఉన్న ఫెండర్ పక్కన పెట్టి చూస్తే ఇది పిల్లలాట సామానులా ఉంటుంది. ఇనుమూ, రాగీ డబ్బులు. ఎంత తగ్గిస్తే అంత మిగులు.

ఇక్కడే అసలు తమాషా. ఏ ఆడియో ఇంజనీరు అయినా ఆ ట్రాన్స్‌ఫార్మర్ చూసి మూతి విరుస్తాడు. దాని ఇనుప కోర్ చిన్నది కాబట్టి, వాల్యూమ్ పెంచితే లోతైన స్వరాల దగ్గర అయస్కాంత క్షేత్రాన్ని ఇంక మొయ్యలేనంటుంది. పాఠ్యపుస్తకం ప్రకారం అది లోపం. హైఫై సెట్టులో అయితే నిజంగానే లోపం. కానీ ఎలక్ట్రిక్ గిటారుకి ఆ లోపమే గొంతు. తీగని గట్టిగా మీటితే శబ్దం ఒక్కసారిగా చిట్లదు. ముందు కొంచెం అణుగుతుంది, తర్వాత గరగరమంటూ పొంగుతుంది, తీగ కంపనం తగ్గేకొద్దీ మళ్ళీ తేటపడుతుంది.

మన భాషలో చెప్పాలంటే, ఏ సిస్టమ్‌నైనా దాని సామర్థ్యానికి మించి లోడ్ చేస్తే రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. ఒకటి, గీత దాటగానే ఎక్సెప్షన్ విసిరి చచ్చిపోవడం. రెండోది, మెల్లమెల్లగా నెమ్మదిస్తూ, సేవ తగ్గిస్తూ, అయినా నిలబడటం. ఆ కాలపు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు మొదటి రకం. గీత దాటితే తరంగం తల కత్తిరించినట్టు తెగుతుంది, చెవికి కంపరం. ట్యూబులు రెండో రకం. తరంగం తల గుండ్రంగా నలుగుతుంది. ఇంజనీర్లు సాధారణంగా గీతకి ఇవతలి వైపు ఎలా పనిచేస్తుందో కొలిచి గొప్పలు చెప్పుకుంటారు. సంగీతం మాత్రం గీతకి అవతల పుట్టింది :-)

డాన్‌ఎలెక్ట్రో 1950ల చివర్లో నెప్ట్యూన్ అనే సముద్రతీరపు ఊరికి మారి, 1960ల మొదట్లో బాగా పెరిగింది. బీటిల్స్ 1964 ఫిబ్రవరిలో అమెరికా టీవీలో కనిపించాక ప్రతి కుర్రాడికీ గిటారు కావాల్సి వచ్చింది. సంగీతం కంపెనీలన్నిటికీ పట్టిందల్లా బంగారం. పెద్ద కార్పొరేషన్ల కళ్ళు వీటి మీద పడ్డాయి. 1965 జనవరిలో సి.బి.ఎస్. వాళ్ళు ఫెండర్‌ని 13 మిలియన్ డాలర్లకి కొన్నారు. 1966లో ఎం.సి.ఎ. అనే వినోద రంగ సంస్థ డాన్‌ఎలెక్ట్రోని కొంది.

కొత్త యాజమాన్యం 1967లో ‘కోరల్’ అనే కొత్త పేరుతో సరుకు దింపింది. అందులో మనకి సంబంధించిన వింత ఒకటుంది: కోరల్ ఎలక్ట్రిక్ సితార్. 1965 చివర్లో బీటిల్స్ పాటలో జార్జ్ హారిసన్ సితార్ మీటడం, 1967 జూన్‌లో మాంటరే ఉత్సవంలో రవిశంకర్ వాయించడం, వీటితో అమెరికాలో సితార్ పిచ్చి పట్టింది. నిజమైన సితార్ నేర్చుకోడానికి ఏళ్ళు పడుతుంది, స్టూడియో వాళ్ళకి అంత ఓపికెక్కడిది? విన్నీ బెల్ అనే న్యూయార్క్ స్టూడియో గిటారిస్టుతో కలిసి ఇది తయారుచేశారు. గిటారులాగే వాయించాలి, వెడల్పాటి బ్రిడ్జి మీద తీగ రాసుకుని ‘జుం’ అంటుంది, పక్కన పదమూడు అనునాదపు తీగలు. మన జవారీ సూత్రాన్ని ఫాక్టరీ భాషలోకి దించారన్నమాట. మనవాళ్ళు వింటే ముక్కు మీద వేలేసుకుంటారు గానీ, ఆ కాలపు పాప్, సోల్ రికార్డుల్లో ఆ శబ్దం తెగ వినిపిస్తుంది.

1969లో నెప్ట్యూన్ ఫాక్టరీ మూతపడింది. గిటార్ల పిచ్చి తగ్గుముఖం పట్టడం, జపాన్ నుంచి ఇంకా చవక సరుకు రావడం ఆ రోజుల పరిస్థితి. వీటికి తోడు, డాన్‌ఎలెక్ట్రో చరిత్ర రాసినవాళ్ళు ఎక్కువగా చెప్పే కారణం ఇంకోటుంది. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల మీద బతికిన కంపెనీని ఎం.సి.ఎ. వాళ్ళు చిన్న చిన్న సంగీత దుకాణాల వైపు తిప్పాలని చూశారు. అది కుదర్లేదు. ఎందుకు కుదర్లేదో నాకు ఆశ్చర్యమేమీ లేదు. ఇరవై ఏళ్ళ పాటు జనం నోట్లో నానింది సిల్వర్‌టోన్ అన్న పేరు, డాన్‌ఎలెక్ట్రో అన్నది కాదు. సొంత పేరుతో కూడా కొంత సరుకు అమ్మేవాళ్ళు గానీ, రాశి అంతా సియర్స్‌ది. అదే కాలంలో చేతులు మారిన ఫెండర్‌ని చూడండి. సి.బి.ఎస్. హయాంలో నాణ్యత పడిపోయిందని అందరూ తిట్టినా, పేరు బతికుంది కాబట్టి 1985లో మళ్ళీ సొంతకాళ్ళ మీద నిలబడింది. డాన్‌ఎలెక్ట్రో ఫాక్టరీ పోయింది, సిల్వర్‌టోన్ పేరు సియర్స్ దగ్గర ఉండిపోయింది, నేథన్ డేనియల్ తర్వాత హవాయి వెళ్ళిపోయి పడవల డిజైన్లు చేసుకుంటూ 1994లో చనిపోయాడు. 1990ల చివర్లో ఎవెట్స్ అనే కంపెనీ డాన్‌ఎలెక్ట్రో పేరుతో మళ్ళీ గిటార్లు తెచ్చింది. అది చూడ్డానికి ఆయన లేడు.

ముప్ఫై ఏళ్ళు 1484ని ఎవరూ పట్టించుకోలేదు. బేస్‌మెంట్లలో, గరాజ్ సేళ్ళలో మూలపడి ఉండేవి. తర్వాత వైట్ స్ట్రైప్స్ బాండు జాక్ వైట్ పెద్దన్న 1485ని వేదిక ఎక్కించాడు. ఖరీదైన సామాన్లంటే ఆయనకి పడదు, పోరాడి వాయించాల్సిన సామాన్లే ఇష్టం. 2000ల్లో ఆ బాండు పేరు మోగిపోయాక ‘సియర్స్ వాళ్ళ చవక డబ్బా’ కాస్తా ‘వింటేజ్’ అయిపోయింది. ధరలూ అలాగే పెరిగాయి. అయినా అదే వయసు ఫెండర్ ధరతో పోలిస్తే ఇప్పటికీ చాలా తక్కువే.

నాది 650 డాలర్లకి దొరికింది. న్యూజెర్సీలోనే ఒక పెద్దాయన బేస్‌మెంట్లో ఉంది. డబ్బు తీసుకునే ముందు ఒకటే ప్రశ్న వేశాడు, “వాయించడానికా, దాచుకోడానికా?” అని. వాయించడానికే అన్నాను. ఫుట్ స్విచ్చి వెతికి మరీ తెచ్చిచ్చాడు.

మీలో ఎవరికైనా ఇలాంటిది కొనాలనిపిస్తే కొన్ని సంగతులు చూసుకోండి.

మొదటిది పెట్టె. పార్టికల్ బోర్డుకి నీళ్ళు శత్రువు. తడి బేస్‌మెంట్లో ఉన్నదైతే అడుగు భాగం అట్టుకులా ఉబ్బి పొడిపొడిగా రాలుతుంది. మూలలు చేత్తో నొక్కి చూడండి.

రెండోది స్పీకర్లు. చట్రం మీద అచ్చు వేసిన నంబరు ఉంటుంది. 220తో మొదలైతే జెన్సెన్. ఆ తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె, ఆఖరి రెండూ వారం. నా దాంట్లో 220 తర్వాత 441 ఉంది. అంటే 1964, 41వ వారం. వాల్యూమ్ నాబ్‌ల వెనకున్న పాట్‌ల మీద కూడా ఇలాంటి కోడే ఉంటుంది. స్పీకరూ, పాట్లూ ఒకే కాలానివైతే ఎవరూ మార్చలేదని అర్థం. వెర్షన్ హిస్టరీ చదవడం మనకి కొత్తేం కాదుగా.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు. పాత యాంప్లిఫయర్లకి రెండు పుల్లల ప్లగ్గే ఉంటుంది, ఎర్త్ ఉండదు. పైగా మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి ఒక కెపాసిటర్ కలిపి ఉంటుంది. అది పాడై షార్ట్ అయితే గిటారు తీగల్లోకే కరెంటు వస్తుంది. అందుకే దాన్ని ‘డెత్ క్యాప్’ అంటారు. అది తీయించి మూడు పుల్లల త్రాడు వేయించకుండా వాయించకండి. ‘ఒరిజినల్‌గా ఉంచాలి’ అని ఎవరైనా అంటే వినకండి, ఒరిజినల్‌గా ఉండాల్సింది ముందు మనం. ఇంకా చవక రకాల్లో కొన్నింటికి పవర్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, మెయిన్స్ నేరుగా లోపలికి. అలాంటివి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ముట్టుకోవద్దు.

నాలుగోది ఫిల్టర్ కెపాసిటర్లు. వాటి లోపలి రసాయనం ఏళ్ళ మీద ఎండిపోతుంది. స్విచ్చి వేయగానే 120 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దం వస్తే వాటి పనే. 60 హెర్ట్జ్ లోతు గొంతు అయితే ఎర్తింగో, హీటర్ వైరింగో చూడాలి. ఏళ్ళ తరబడి వాడని యాంప్లిఫయర్‌ని ఒక్కసారిగా ప్లగ్గులో పెట్టకండి. మన ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది చూడండి, సిరీస్ బల్బు బోర్డు, అదే ఇక్కడా పనికొస్తుంది. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గుమని వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతికిపోతుంది. ఇంకోమాట, ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలవుంటాయి. మనం డీబగ్ చేసేది అయిదు వోల్టుల లోకంలో, ఇది వేరే లోకం. అలవాటు లేకపోతే టెక్నీషియన్‌కి ఇవ్వండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

హైదరాబాదు తీసుకెళ్ళే ఆలోచనుంటే మంచి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. వోల్టేజి సరిపోయినా అక్కడ 50 హెర్ట్జ్, ఇక్కడ 60. తక్కువ ఫ్రీక్వెన్సీలో ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువ వేడెక్కుతాయి. పొదుపుగా చేసిన దానికి ఆ మిగులు తక్కువ.

ఇక వాయించడం గురించి. వాల్యూమ్ మూడు దాకా శుభ్రమైన శబ్దం, కొంచెం గాజు గలగల. నాలుగు దాటితే అంచులు మెత్తబడతాయి. ఆరు దగ్గర గిటారు మీటే చేతి బరువుని బట్టి శబ్దం మారిపోతుంది. మెల్లగా మీటితే పలకరింపు, గట్టిగా మీటితే పోట్లాట. ట్రెమొలో బాగుంటుంది, శబ్దం అలలా లేచి పడుతుంది. అదేదో గమకం అనుకునేరు, స్వరం కదలదు, బిగ్గరతనం మాత్రమే ఊగుతుంది. రెవర్బ్ మాత్రం నాసిరకమే, ఒప్పుకోవాల్సిందే. పొట్టి స్ప్రింగులు. గుడి మండపంలో పాడినట్టుండాల్సింది, నీళ్ళ డ్రమ్ములో తల పెట్టి పాడినట్టుంటుంది. అన్ని లోపాలూ వరాలు కావు. ఖర్చు తగ్గించిన ప్రతిచోటా అద్భుతం జరిగిందని చెప్పేవాళ్ళని నమ్మకండి, వాళ్ళ దగ్గర అమ్మకానికి ఒకటి ఉండి ఉంటుంది :-)

ఇవాళ ట్యూబుల సంగతి కూడా చెప్పాలి. ఆర్.సి.ఎ. హారిసన్ ఫాక్టరీ 1976లోనే మూతపడింది. ఇప్పుడు గిటారు యాంప్లిఫయర్లకి కావాల్సిన ట్యూబులు ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తున్నవే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై, మార్చిలో రష్యా ఎగుమతులు ఆపినప్పుడు ప్రపంచమంతా గిటారిస్టులు గాభరాపడి ట్యూబులు ఎగబడి కొన్నారు, ధరలు పెరిగాయి. ఎడిసన్ ఊళ్ళో పుట్టిన వస్తువు కోసం సరాటోవ్ ఫాక్టరీ వైపు చూడాల్సిన పరిస్థితి. సప్లై చెయిన్ అంటే ఏమిటో అర్థం కావడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఇప్పుడు మొదట్లో అన్న మాటకి వస్తాను. సర్వీసెస్ కంపెనీల్లో పనిచేసిన మనలో చాలామందిమి సిల్వర్‌టోన్లే చేశాం. క్లయింటు బ్యాడ్జి మెళ్ళో వేసుకుని, క్లయింటు పేరుతో ఈమెయిలు ఐడీ పెట్టుకుని, వాళ్ళ బ్రాండ్ మీద వెళ్ళే సాఫ్ట్‌వేర్ రాశాం. అమెరికాలో బ్యాంకుల్లో, ఇన్సూరెన్సుల్లో నడిచే ఎన్నో సిస్టమ్‌ల లోపల గుంటూరు వాడి తర్కం, వరంగల్ అమ్మాయి టెస్టు కేసులు ఉన్నాయి. పైన పేరు ఇంకెవరిదో. దీన్ని అవమానం అనుకునేవాళ్ళున్నారు, ‘జీతం వచ్చిందిగా, పేరెందుకు’ అనేవాళ్ళూ ఉన్నారు.

డేనియల్ కథ చూశాక నాకు రెండూ పూర్తిగా ఒప్పనిపించవు. వేరేవాళ్ళ పేరుతో వెళ్ళినంత మాత్రాన పని విలువ పోదు. పేరు లేకుండానే ఆ మనిషి లక్షల మంది పిల్లల చేతికి సంగీతాన్ని అందించాడు. సొంత పేరు కోసం ధర పెంచుకుని ఉంటే ఆ పిల్లల్లో సగంమందికి గిటారే ఉండేది కాదు. చవకగా, పదిమందికీ అందేలా చెయ్యడం తక్కువ రకం ఇంజనీరింగ్ కాదు, ఒక్కోసారి అదే కష్టమైన రకం. కానీ రెండో వైపు కూడా ఉంది. ఇరవై ఏళ్ళు ఒక పెద్ద ఖాతాదారు నీడలో బతికిన కంపెనీకి ఆ నీడ తప్పుకున్న రోజున తన పేరంటూ ఏమీ మిగల్లేదు. మూడేళ్ళలో ఫాక్టరీకి తాళం పడింది. పని చేసినవాళ్ళు ఇంటికి పోయారు. పేరు అహంకారం కోసం కాదు, రేపు ఇంకో చోట తలుపు తట్టడానికి కావాలి. కంపెనీకైనా, మనిషికైనా.

ఈ సంగతి ఇప్పుడు ఇంకా ఎక్కువ అవసరం అనుకుంటాను. ప్రాజెక్టు అయిపోగానే బ్యాడ్జి తిరిగిచ్చేసి వచ్చేవాళ్ళకి, మనం చేసింది ఏమిటో చూపించుకోడానికి బయట ఏం మిగులుతోంది? ఓపెన్ సోర్స్‌లో ఒక చిన్న లైబ్రరీ, పదిమందికి పనికొచ్చే ఒక వ్యాసం, జూనియర్లకి నేర్పిన ఒక పద్ధతి, ఏదో ఒకటి మన పేరుతో ఉండాలి. అదేదో పెద్దది కానక్కర్లేదు. చుక్కకి ముందు మూడంకెలైనా చాలు, వెతికేవాడికి దొరికేలా ఉంటే.

సియర్స్ కాటలాగు 1993లో ఆగిపోయింది. నెప్ట్యూన్ ఫాక్టరీ పోయి అర్ధశతాబ్దం దాటింది. అరవయ్యేళ్ళ క్రితం ఖర్చు లెక్కలు చూసుకుంటూ చుట్టిన ఆ బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది.